ఇంటర్‌లో మ్యాథ్స్ లేకుండా ఎకనామిక్స్ చదవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్‌లో సీఈసీ, హెచ్ఈసీ, బైపీసీ చదివి, డిగ్రీలోనో పీజీలోనో ఎకనామిక్స్ వైపు రావాలనుకునే విద్యార్థులు, వారి తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు ఇవి. వీరిలో చాలామంది కాలిక్యులస్ పేరు వింటేనే భయపడతారు. తరగతి గదిలో వారిని నిజంగా ఇబ్బంది పెట్టేది మాత్రం ఎక్కువగా పదో తరగతి బీజగణితం, గ్రాఫు చదవడం. ఆ సంగతి ముందే తెలిస్తే సగం బరువు తగ్గుతుంది.

ఇంటర్‌లో సీఈసీ చదివాను. ఎంఏ ఎకనామిక్స్ చేయగలనా?

చేయగలరు. మన రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో ఎంఏ ఎకనామిక్స్ చదివేవారిలో సీఈసీ, హెచ్ఈసీ నుంచి వచ్చినవారు చాలామంది ఉంటారు. తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్ ద్వారా జరిగే ప్రవేశాల్లో చూసేది మీ డిగ్రీని, ప్రవేశపరీక్ష ర్యాంకును. ఇంటర్‌లో గణితం ఉందా అని అడగరు. డిగ్రీలో ఏ సబ్జెక్టులు చదివి ఉండాలన్నది మాత్రం ఆ ఏటి నోటిఫికేషన్‌లో స్వయంగా చూసుకోండి, ఎవరో చెప్పిన మాట మీద ఆధారపడకండి.

సీటు వచ్చాక అసలు పరీక్ష మొదటి సెమిస్టర్‌లో ఎదురవుతుంది. డిగ్రీలో మాటల్లో, బొమ్మల్లో నేర్చుకున్న సూక్ష్మ అర్థశాస్త్రమే (మైక్రో ఎకనామిక్స్) ఇక్కడ సమీకరణాలతో వస్తుంది. దానికి తోడు గణిత, గణాంక పద్ధతుల పేపరు ఒకటి ఉంటుంది. ముందుగా కొంత సిద్ధపడి వచ్చినవారికి ఈ సెమిస్టర్ కష్టంగా ఉన్నా దాటగలిగేదే. ఏ సన్నద్ధతా లేకుండా వచ్చినవారు మాత్రం నెల తిరగకముందే "ఇది మనకు కాదు" అనుకుంటారు. వారి తెలివిలో లోపం ఉండి కాదు, ముందుగా చెప్పినవారు లేక.

గణితం లేనివారికి నిజంగా మూసుకుపోయే దారులు ఏవైనా ఉన్నాయా?

ఉన్నాయి. వాటిని దాచిపెట్టి ధైర్యం చెప్పడం విద్యార్థికి మేలు చేయదు.

ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బీఏ ఆనర్స్ ఎకనామిక్స్‌లో చేరాలంటే కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశపరీక్ష సీయూఈటీలో గణితం రాయడం తప్పనిసరి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ పీజీ ప్రవేశపరీక్షలో గణితానికే ఒక పూర్తి పేపరు ఉంటుంది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ బీఎస్సీ ఎకనామిక్స్‌కు ఏ-లెవెల్ గణితం అడుగుతుంది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఎంఏలో చేరాక చదవాల్సింది కూడా గణితంతో నిండిన పాఠ్యాంశమే.

ఇంటర్ అయిపోయాక గణితం జోడించుకోవడానికి ఒక మార్గం ఉంది. జాతీయ సార్వత్రిక పాఠశాల విద్యాసంస్థ, అంటే ఎన్ఐఓఎస్, సీనియర్ సెకండరీ స్థాయిలో ఒక్క సబ్జెక్టు మాత్రమే రాయడానికి అవకాశమిస్తుంది. అయితే ఆ మార్కుల పత్రం మీరు కోరుకునే కోర్సుకు చెల్లుతుందో లేదో ఫీజు కట్టకముందే ఆ విశ్వవిద్యాలయాన్ని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

అసలు ఎంత గణితం కావాలి? కచ్చితంగా చెప్పండి.

డిగ్రీ స్థాయికి కావలసినవి శాతాలు, భిన్నాలు, సరళరేఖ సమీకరణం, వాలు, రెండు సమీకరణాలను కలిపి సాధించడం, గ్రాఫు గీయడం, చదవడం. ఇవన్నీ పదో తరగతిలోపు చదివినవే. పీజీకి వీటిపైన అవకలనం (డిఫరెన్షియేషన్), పాక్షిక అవకలనం, షరతులకు లోబడి గరిష్ఠం, కనిష్ఠం కనుక్కోవడం, సంవర్గమానాలు (లాగరిథమ్స్), మాత్రికలు, సంభావ్యత చేరతాయి. సమాకలనం (ఇంటిగ్రేషన్) వస్తుంది కానీ తక్కువ. త్రికోణమితి దాదాపు ఎప్పుడూ రాదు. ఎంపీసీ విద్యార్థులు రెండేళ్లు కష్టపడి చదివే శాంకవాలు, సంకీర్ణ సంఖ్యలు ఎంఏ ముగిసేదాకా మీకు ఎదురుపడకపోవచ్చు.

జాబితా చూస్తే పెద్దదిగానే కనిపిస్తుంది. లోపల ఉన్న ఆలోచన మాత్రం చిన్నది. ఒక ఉదాహరణ అంకెలతో సహా చూద్దాం.

తిరునాళ్లలో పూతరేకులు అమ్మే దుకాణం ఒక్కటే ఉంది. పెట్టె ధర 100 రూపాయలు పెడితే ఎవరూ కొనరు. ధర 2 రూపాయలు తగ్గించిన ప్రతిసారీ ఒక పెట్టె ఎక్కువ అమ్ముడవుతుంది. పెట్టె తయారీకి అయ్యే ఖర్చు 20 రూపాయలు. ఎన్ని పెట్టెలు అమ్మితే లాభం ఎక్కువ?

19 పెట్టెలు అమ్మాలంటే ధర 62 పెట్టాలి. రాబడి 1178, ఖర్చు 380, లాభం 798. 20 పెట్టెలైతే ధర 60, రాబడి 1200, ఖర్చు 400, లాభం 800. 21 పెట్టెలకు ధర 58, రాబడి 1218, ఖర్చు 420, లాభం మళ్లీ 798. కాబట్టి 20 దగ్గర ఆగాలి.

ఇప్పుడు 21వ పెట్టె సంగతి చూడండి. అది 58 రూపాయలకు అమ్ముడైంది, కానీ రాబడి పెరిగింది 18 రూపాయలే. ఎందుకంటే ఆ ఒక్క పెట్టె కోసం మిగతా 20 పెట్టెల ధర కూడా రెండేసి రూపాయలు తగ్గించాల్సి వచ్చింది. 58లోంచి ఆ 40 పోతే మిగిలింది 18. ఖర్చు 20, వచ్చింది 18. అందుకే 21వది నష్టం. ఇలా ఒక పెట్టె ఎక్కువ అమ్మినప్పుడు అదనంగా వచ్చే రాబడే ఉపాంత రాబడి. దీన్ని అర్థం చేసుకున్నవారు ఏకస్వామ్యం (అమ్మేవారు ఒక్కరే ఉండే మార్కెట్) అధ్యాయంలో సగం అర్థం చేసుకున్నట్టే.

మరి అవకలనం ఇందులో ఏం చేస్తుంది? అమ్మే పెట్టెల సంఖ్యను క్యూ అనుకుంటే ధర 100 మైనస్ 2 క్యూ. దాన్ని క్యూతో గుణిస్తే రాబడి 100 క్యూ మైనస్ 2 క్యూ వర్గం. దాన్ని అవకలనం చేస్తే 100 మైనస్ 4 క్యూ వస్తుంది. అది ఖర్చు 20కి సమానమైన చోట క్యూ విలువ 20. ఒక్కో పెట్టెకూ పట్టిక వేసుకుంటూ పోయే పనిని రెండు వరుసల్లో ముగించే సాధనం అది, అంతే. ముందు పట్టిక వేసి, ఆ తర్వాత అవకలనం చేసి, రెండింటి జవాబూ ఒకటేనని మీ కళ్లతో చూసుకోండి. ఇలా నాలుగైదు లెక్కలు చేసినవారికి కాలిక్యులస్ భయం మళ్లీ రాదని నా నమ్మకం.

పదో తరగతి లెక్కలే మర్చిపోయాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎనిమిది నుంచి పది వరకు ప్రభుత్వ పాఠ్యపుస్తకాలతో. ఇందులో నామోషీ ఏమీ లేదు. సూక్ష్మీకరణ, రేఖీయ సమీకరణాలు, వర్గ సమీకరణాలు, శాతాలు, గ్రాఫులు, సాంఖ్యకశాస్త్రం చేయండి. జ్యామితి, త్రికోణమితి వదిలేయండి. ఆ తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి అర్థశాస్త్ర గణాంకాల పుస్తకం చదవండి. సులభంగా ఉంటుంది, ఉదాహరణలన్నీ మన దేశానివే. అవకలనం కోసం ఇంటర్ గణితంలో ఆ అధ్యాయాలు చాలు. వాటిలోనూ త్రికోణమితి ప్రమేయాల లెక్కలు దాటేయవచ్చు.

శాతాలను తేలికగా తీసుకోకండి. 100 రూపాయల వస్తువు 10 శాతం పెరిగి, తర్వాత 10 శాతం తగ్గితే ధర ఎంత? 99. మళ్లీ వందే అని చెప్పేవారు పీజీ తరగతుల్లోనూ ఉంటారు. అలాగే 2025లో రిజర్వ్ బ్యాంకు రెపో రేటును ఫిబ్రవరి, ఏప్రిల్ నెలల్లో కలిపి 6.5 నుంచి 6 శాతానికి తగ్గించింది. ఇది అర శాతం పాయింటు తగ్గుదల. అర శాతం తగ్గిందని రాస్తే 6.5లో అర శాతమే తగ్గిందని అర్థం మారిపోతుంది. ద్రవ్యోల్బణం, వృద్ధిరేటు, వడ్డీరేటు గురించి చదివే ప్రతి వాక్యంలో ఈ తేడా పని చేస్తుంది.

ఎన్నాళ్లు పడుతుంది?

రోజూ గంట కేటాయిస్తే డిగ్రీ చివరి పరీక్షలకు, పీజీ తరగతుల ప్రారంభానికి మధ్య ఉండే వేసవి చాలామందికి సరిపోతుంది. ఆదివారం మాత్రమే ఏడెనిమిది గంటలు కూర్చుంటే సరిపోదు. లెక్క చేతికి అలవాటు కావాలంటే రోజూ చేయాలి.

అర్థశాస్త్రం మనుషుల గురించి కదా. ఇంత గణితం ఎందుకు? మాటల్లో చెప్పలేరా?

ఇది మంచి ప్రశ్న. ఎగవేతకు సాకుగా అడిగినా మంచి ప్రశ్నే.

ఆల్ఫ్రెడ్ మార్షల్ పేరు డిగ్రీ మొదటి ఏడాదే వింటారు. ఆయన 1865లో కేంబ్రిడ్జ్ గణిత పరీక్షలో రెండో స్థానంలో నిలిచిన గణితవేత్త. అలాంటి మనిషి 1906లో గణాంకవేత్త బౌలీకి రాసిన ఉత్తరంలో తన పద్ధతి చెప్పారు. గణితాన్ని పరిశోధన నడిపే యంత్రంగా కాక సంక్షిప్త లిపిగా మాత్రమే వాడాలి, పని పూర్తయ్యాక మామూలు భాషలోకి మార్చాలి, జీవితంలో ముఖ్యమైన ఉదాహరణలతో చూపాలి, ఆపైన ఆ గణితాన్ని తగలబెట్టాలి. ఉదాహరణ దొరక్కపోతే మామూలు భాషలో రాసిందాన్ని తగలబెట్టాలి. నా దృష్టిలో అర్థశాస్త్ర విద్యార్థికి ఇంతకన్నా మంచి నియమం లేదు. లెక్క చేసి, దాని అర్థం తెలుగులో రెండు వాక్యాల్లో చెప్పలేకపోతే ఆ లెక్క ఇంకా రాలేదన్నమాటే.

అయితే మాటలతోనే మొత్తం నడవదు. ప్రభుత్వం 100 కోట్లు ఖర్చు చేస్తే ఆదాయం పెరుగుతుందని ఎవరైనా చెప్పగలరు. ఎంత పెరుగుతుంది? ప్రజలు అదనపు ఆదాయంలో 80 శాతం ఖర్చు చేస్తారనుకుంటే 100, 80, 64, 51.2 అంటూ శ్రేణి సాగి, మొత్తం 500 కోట్ల దగ్గర ఆగుతుంది. అంటే ఖర్చుకు ఆదాయం ఎన్ని రెట్లు పెరిగిందో చెప్పే గుణకం 5. అదే 50 శాతమే ఖర్చు చేస్తే గుణకం 2. పన్నులు, దిగుమతులు కలిపితే ఇంకా తగ్గుతుంది. విధానాల గురించి వాదించేటప్పుడు ఈ "ఎంత" అన్నదే ప్రాణం. దాన్ని వదిలేసినవారి వాదన ఎంత ఆవేశంగా ఉన్నా తేలిపోతుంది.

స్టాటిస్టిక్స్ కూడా గణితమేనా? రెండూ రావాలా?

రెండూ రావాలి. ఒకదాన్నే గట్టిగా పట్టుకోగలనంటే స్టాటిస్టిక్స్‌నే పట్టుకోండి అంటాను. ఉద్యోగంలో, పరిశోధనలో, చివరికి పత్రిక చదివేటప్పుడు కూడా ఎక్కువగా అక్కరకొచ్చేది ఇదే.

గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం 2023-24లో దేశంలో నెలసరి తలసరి వ్యయం గ్రామాల్లో 4,122 రూపాయలు, పట్టణాల్లో 6,996 రూపాయలు. ఇవి సగటులు. ఖర్చు బాగా ఎక్కువ చేసే కుటుంబాలు సగటును పైకి లాగుతాయి కాబట్టి, సగానికి పైగా జనం ఆ అంకె కంటే తక్కువే ఖర్చు చేస్తుంటారు. అందుకే మధ్యగతం (వరుసలో సరిగ్గా మధ్యలో ఉండే విలువ) కావాలి, విస్తరణ (విలువలు ఎంత దూరం పరుచుకున్నాయో) ఎంతో తెలియాలి. ఇందులో కాలిక్యులస్ ఏమీ లేదు. అంకె వెనక ఉన్న మనుషులను చూడటం ఉంది.

పీజీలో ఎకనామెట్రిక్స్, అంటే ఆర్థిక డేటాను గణాంక పద్ధతులతో విశ్లేషించే పేపరు, వస్తుంది. దాని మూలం ప్రతిగమన విశ్లేషణ (రిగ్రెషన్). వేతనాల సంవర్గమానాన్ని చదువుకున్న ఏళ్లతో ముడిపెడితే గుణకం (ఇక్కడ కోఎఫిషియెంట్) 0.08 వచ్చిందనుకుందాం. ఒక ఏడాది ఎక్కువ చదివినవారి వేతనం దాదాపు 8 శాతం ఎక్కువగా ఉందని దాని అర్థం. చదువు వల్లే పెరిగిందా, స్తోమత ఉన్న ఇళ్ల పిల్లలే ఎక్కువ చదివారా అన్నది అసలు ప్రశ్న. ఆ ప్రశ్న వేయగలగడానికి గణితం కంటే లోకజ్ఞానం ఎక్కువ కావాలి. పొలం పని, కూలి, అప్పు, వలస దగ్గరగా చూసి పెరిగిన విద్యార్థులు ఇక్కడ చాలా బాగా రాణిస్తారు.

ఈ శాస్త్రంలో మనకు గర్వకారణమైన పేరు కూడా ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు 1945లో ప్రచురించిన ఫలితం, 1948లో ప్రతిపాదించిన స్కోర్ పరీక్ష నేటికీ ఎకనామెట్రిక్స్ పాఠాల్లో ఉన్నాయి. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంక బహుమతి లభించింది.

తెలుగు మాధ్యమంలో చదివాను. భయం గణితం గురించా, ఇంగ్లిష్ గురించా అన్నది నాకే తెలియడం లేదు.

చాలామందిలో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి, విడదీసి చూడాలి. ఒక లెక్కను తెలుగులో చదివితే చేయగలుగుతున్నారా? అయితే మీ సమస్య గణితం కాదు.

దీనికి చేయదగిన పని ఒక నోటుపుస్తకం పెట్టుకోవడం. ఉపాంత ప్రయోజనం పక్కన మార్జినల్ యుటిలిటీ, వ్యాకోచత్వం పక్కన ఎలాస్టిసిటీ, ఉదాసీనతా వక్రరేఖ పక్కన ఇండిఫరెన్స్ కర్వ్, క్రమవిచలనం పక్కన స్టాండర్డ్ డీవియేషన్ అని రాసుకుంటూ పోండి. మొత్తం పాఠ్యాంశానికి రెండు మూడు వందల మాటలకు మించవు. తెలుగు అకాడమీ పుస్తకంలో భావాన్ని అర్థం చేసుకుని, అదే అధ్యాయాన్ని ఇంగ్లిష్ పుస్తకంలో వెంటనే చదవండి. సమీకరణం ఏ భాషలోనైనా ఒకటే కనుక, గణితం ఎక్కువగా ఉన్న పేజీలే మీకు తేలికగా అనిపించే రోజు వస్తుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం వంటి కేంద్రీయ సంస్థల్లో ఎంఏ కోసం రాసే సీయూఈటీ పీజీ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లో ఉంటుంది. కాబట్టి ఈ అలవాటు డిగ్రీ రెండో ఏడాదికల్లా మొదలుపెట్టాలి.

డెరివేషన్లు కంఠస్థం చేసి పాస్ కావచ్చా?

కొన్ని పేపర్లు పాస్ కావచ్చు. కానీ లెక్కలో అంకె మారిస్తే, అక్షరం మారిస్తే మీరు ఆగిపోతారు. అధ్యాపక అర్హత కోసం రాసే నెట్, సెట్ వంటి పరీక్షలు సరిగ్గా అక్కడే పట్టుకుంటాయి. ప్రతి డెరివేషన్‌లో మొదటి వరుస ఏం ఊహించింది, చివరి వరుస ఏం చెప్పింది అన్న రెండు ప్రశ్నలకు మీ మాటల్లో జవాబు రాసుకోండి. మధ్య వరుసలు ఆ తర్వాత చూసుకోవచ్చు.

డిగ్రీలో ఏ సబ్జెక్టులు తీసుకుంటే మంచిది?

ఎకనామిక్స్‌తో పాటు స్టాటిస్టిక్స్ లేదా గణితం ఉన్న కాంబినేషన్ మీ కాలేజీలో ఉంటే, అర్హత ఉంటే, వెనకాడకుండా తీసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24లో మేజర్ (ప్రధాన సబ్జెక్టు), మైనర్ (దానికి తోడు సబ్జెక్టు) విధానం వచ్చింది. ఇప్పుడు ఎకనామిక్స్‌తో పాటు ఏవి ఇస్తున్నారో కాలేజీలో అడగండి. అది కుదరకపోతే కంప్యూటర్ అప్లికేషన్స్ మంచి ఎంపికే. ఎక్సెల్, ఆ తర్వాత ఉచితంగా దొరికే ఆర్ లేదా గ్రెటెల్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే పీజీలో డేటా పని సులువవుతుంది.

పీజీలో ఐచ్ఛిక పేపర్లు ఎంచుకునేటప్పుడు గణితం ఉన్నవన్నీ తప్పించుకుని తేలికైనవే ఏరుకోవడం చాలామంది చేసే పని. రెండేళ్ల తర్వాత ఆ మార్కుల పత్రమే ఉద్యోగానికీ పరిశోధనకూ అడ్డు పడుతుంది. కనీసం ఎకనామెట్రిక్స్ మాత్రం వదలకండి.

పోటీ పరీక్షలకు ఎంత గణితం కావాలి?

గ్రూప్స్ పరీక్షల్లో ఆర్థిక వ్యవస్థ భాగానికి శాతాలు, పట్టికలు చాలు. సివిల్స్‌లో ఎకనామిక్స్ ఐచ్ఛికానికి మధ్యస్థాయి గణితం కావాలి. ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ సంగతి వేరు. అర్హత ఎకనామిక్స్ లేదా దాని అనుబంధ శాఖల్లో పీజీ, సిలబస్‌లో గణిత, గణాంక, ఎకనామెట్రిక్ పద్ధతులు నేరుగా ఉన్నాయి. ఈ సర్వీసులో తెలుగు విద్యార్థులు ఇంకా ఎక్కువమంది కనిపించాలని నా కోరిక. మార్కులు ఉండి కూడా ఈ ఒక్క భాగం చూసి వెనక్కి తగ్గేవారిని తలచుకుంటే బాధ కలుగుతుంది.

ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో చదవవచ్చా?

చదవవచ్చు. డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇగ్నో రెండింటిలోనూ ఎంఏ ఎకనామిక్స్ ఉంది. ఇగ్నోలో క్వాంటిటేటివ్ పేపరు తప్పనిసరి, చాలామందికి చివరిదాకా మిగిలిపోయేది అదే. దూరవిద్యలో పక్కన కూర్చుని లెక్క చెప్పేవారు ఉండరు కనుక, ఆ ఒక్క పేపరుకు మీ ఊరి డిగ్రీ కాలేజీ గణిత అధ్యాపకుల సాయం అడగండి. అడిగితే కాదనేవారు తక్కువ.

విదేశాల్లో ఎంఎస్, పీహెచ్‌డీ చేయాలనుకుంటే?

ఇక్కడ మెట్టు ఎత్తుగానే ఉంటుంది. అమెరికా, యూరప్ విశ్వవిద్యాలయాలు సాధారణంగా కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, స్టాటిస్టిక్స్ మీ మార్కుల పత్రంలో కనిపించాలని కోరుకుంటాయి. ఇంట్లో నేర్చుకున్నానంటే సరిపోదు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక 'స్వయం'లో పరీక్ష రాసి ధ్రువపత్రం తెచ్చుకోవడం కొంత సాయపడుతుంది. విశ్వవిద్యాలయం ఇచ్చే క్రెడిట్లకు ఉండే విలువ దానికి రాదు. పబ్లిక్ పాలసీ, డెవలప్‌మెంట్ స్టడీస్ కోర్సుల్లో ఈ పట్టుదల తక్కువ.

గణితం లేక ఆగిపోయి, అయినా ఈ శాస్త్రంలో పేరు తెచ్చుకున్నవారు ఉన్నారా?

ఎలినార్ ఆస్ట్రమ్ ఉన్నారు. బడిలో ఆమెను త్రికోణమితి తీసుకోనివ్వలేదు. గణితంలో తగిన పునాది లేదని లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆమెను ఎకనామిక్స్ పీహెచ్‌డీలో చేర్చుకోలేదు. ఆమె రాజనీతి శాస్త్రంలో చేరి, దక్షిణ కాలిఫోర్నియాలో భూగర్భజలాలను జనం ఎలా పంచుకుంటారో పరిశోధించారు. ఉమ్మడి వనరులను కాపాడుకోవడంపై చేసిన కృషికి 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది, ఆ బహుమతి పొందిన మొదటి మహిళ ఆమే. చెరువు ఆయకట్టు, నీటి వంతులు తెలిసిన మనకు ఆమె పరిశోధన చాలా దగ్గరగా అనిపిస్తుంది. అయితే ఒక సంగతి గమనించండి. తర్వాతి కాలంలో ఆమె గేమ్ థియరీని, అంటే ఒకరి నిర్ణయం మరొకరి నిర్ణయంపై ఎలా ఆధారపడుతుందో చూసే గణితాన్ని, తన పనిలో బాగా వాడుకున్నారు. తలుపు మూసుకుపోయిందని గణితానికి దూరంగా ఉండిపోలేదు.

మా అమ్మాయి ఇప్పుడు పది పూర్తి చేసింది. ఎకనామిక్స్ ఇష్టం అంటోంది. ఏ గ్రూపులో చేర్పించాలి?

ఎంఈసీ. గణితం, ఎకనామిక్స్, కామర్స్ మూడూ ఉంటాయి, పైన చెప్పిన దారుల్లో గణితం కారణంగా మూసుకుపోయేది ఏదీ ఉండదు. "అమ్మాయికి లెక్కలెందుకు, సీఈసీ చాలు" అని బంధువులు అంటే వినకండి. పదిలో గణితం మార్కులు ఓ మాదిరిగా ఉన్నా ఎంఈసీ చదవగలదు. ఈ గ్రూపు అన్ని ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఉండదు, ప్రైవేటులో చాలాచోట్ల సీఏ కోచింగ్‌తో కలిపి ఎక్కువ ఫీజుకు ఇస్తారు. కాబట్టి ఫలితాలు రాగానే దగ్గరలోని రెండు మూడు ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీలకు వెళ్లి ఎంఈసీ ఉందా, గణితం అధ్యాపకులు ఉన్నారా అని అడగండి. ఎక్కడా లేకపోతే ఎంపీసీలో చేర్చి, డిగ్రీలో ఎకనామిక్స్ తీసుకోమనండి.